రామాపురం ఇసుకలో నాలుగు రోజులు, వేటపాలెంలో ఒక పూట

మొదటి రోజు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ మాట పట్టుకుని మా అమ్మ కనుమ రోజు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. ముక్కనుమ నాడు ఇంకో వంక చెప్పింది. చివరికి ఊళ్లో చుట్టాలందరూ సంచులు సర్దుకుని హైదరాబాదు బస్సులెక్కుతున్న రోజున, మేము గుంటూరు నుంచి సముద్రం వైపు బయలుదేరాం. పిల్లల బడికి రెండు రోజులు నాగా.

మేమంటే ఐదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, డెబ్బై రెండేళ్ల మా అమ్మ. డిక్కీలో కొత్తగా కొన్న గుడారం ఉంది. నలుగురికి సరిపోతుందని పెట్టె మీద రాశారు. ఆ నలుగురూ ఒకేసారి ఊపిరి పీల్చకూడదని మాత్రం రాయలేదు.

మా ఆయన ఆఫీసులో ఒకాయనకి రామాపురం దగ్గర సరుగుడు తోట ఉంది. ఎన్నాళ్లయినా ఉండండి, మోటారు షెడ్డు పక్కన బాత్రూము కూడా ఉంది అన్నారట. బాత్రూము మాట విన్నాకే నేను ఒప్పుకున్నాను. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పండగ పూట ఇల్లు వదిలి ఇసుకలో పడుకోవడమేంది, సంచార జాతులమా మనం, అంది. అయినా వచ్చింది. ఒక్కతే ఇంట్లో ఉండటం కన్నా మమ్మల్ని విమర్శిస్తూ మాతో ఉండటం ఆమెకి ఇష్టం.

నారాకోడూరు, చేబ్రోలు దాటి పొన్నూరు. అక్కడ ఆగకుండా పోవడం కుదరదు. అమ్మ పుట్టిల్లు ఆ దగ్గర్లోనే ఒక పల్లె. ఇప్పుడక్కడ మా వాళ్లెవరూ లేరు గానీ, ఆ దారిన పోతూ సాక్షి భావనారాయణస్వామికి దండం పెట్టకపోతే ఆమె లెక్కలో దొంగచాటుగా పోయినట్టే. గుళ్లో కూర్చోబెట్టి పిల్లలకి స్థలపురాణం చెప్పింది. కాశీలో ఒక పెద్దమనిషి ఒక కుర్రాడికి పిల్లనిస్తానని మాట ఇచ్చి, ఊరికొచ్చాక మాట మార్చాడు. సాక్షి ఎవరని అడిగితే, ఆ మాట విన్నది దేవుడొక్కడే. కుర్రాడు పిలిస్తే దేవుడే సాక్ష్యం చెప్పడానికి ఈ ఊరొచ్చి ఇక్కడే నిలబడిపోయాడు.

మావాడికి డౌటొచ్చింది. "అమ్మమ్మా, దేవుడొస్తే ఆధార్ కార్డు అడగరా?"

"ఆధార్లో ఉన్నదంతా నిజమేంట్రా! నేను జులై ఒకటిన పుట్టానని ఉంది అందులో."

అది మా ఇంట్లో పాత కథే. మా అమ్మ తరంలో సగం మంది జులై ఒకటినే పుట్టారు. బళ్లో చేర్చుకున్న రోజు హెడ్మాస్టరుగారు పిల్లని ఎగాదిగా చూసి, తోచిన సంవత్సరం వేసి, జులై ఒకటి అని రాసి పారేసేవారు. అమ్మ అసలు లెక్క వేరే ఉంది. అది ఆమెకి వాళ్లమ్మ చెప్పింది. విజయ నామ సంవత్సరం, పెద్దల పక్షాలు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మూడో నాడు, శనివారం. అంతే. తారీఖు లేదు. పక్షాల్లో పుట్టిన పిల్లకి పండగేంటని మా తాతమ్మ అన్నదట. దాంతో పుట్టినరోజు ఒక్కసారి కూడా చెయ్యలేదు.

కారెక్కేలోపు మా అమ్మాయి ఫోన్లో చూసేసింది. "ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. గురువారం. మూడో నాడంటే అక్టోబరు 3. శనివారమే! అమ్మమ్మా, నీ బర్త్‌డే దొరికింది."

మేమంతా చప్పట్లు కొట్టాం. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ఫోన్లోదా? మొన్న ఆ ఫోనేగా కాకరకాయ నీళ్లు తాగితే మోకాళ్ల నొప్పులు పోతాయంది. వారం తాగా. నోరు చేదెక్కింది, నొప్పి అట్టాగే ఉంది." ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

బాపట్లలో ఊరికి పేరిచ్చిన భావనారాయణస్వామి గుడి చూశాం. చోళుల కాలం నాటిది. గర్భగుడి మీద విమానం వెనకవైపు గుండ్రంగా, ఏనుగు కూర్చుంటే వెనకనుంచి ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. గజపృష్ఠం అంటారు. మావాడు దాన్ని చుట్టూ తిరిగి చూసి తొండం ఎటుందని అడిగాడు. గుంటూరు వాళ్లెక్కువగా ఇక్కణ్నుంచి నేరుగా సూర్యలంకకి పోతారు. పండగ వారంలో అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు కాబట్టి మేము చీరాల దారి పట్టాం.

చీరాల వస్తుంటే పిల్లలకి నేనో కథ చెప్పాను. 1921లో ఈ ఊరు ఊరంతా గుడిసెల్లోకి మకాం మార్చిందని. మునిసిపాలిటీ పెట్టి పన్నులు పెంచితే, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు ఖాళీ చేసి, ఊరి బయట రామనగరం అని పేరు పెట్టుకుని, తాటాకుల కింద 11 నెలలు ఉన్నారు. ముసలివాళ్లు, బాలింతలు, ఎండ, వాన, అన్నీ అక్కడే. "మనం నాలుగు రోజులు ఉండటానికి ఎంత గొడవ చేశాం!" అన్నాను. నేనా మాటని అమ్మ వైపు చూడకుండా జాగ్రత్తగా అన్నాను. అమ్మకి తెలిసిపోయింది.

తోటకి చేరేసరికి మూడయింది. సరుగుడు చెట్ల కింద రాలిన సన్నటి ఆకు మెత్తగా పరుపులా ఉంది. చెట్ల సందుల్లోంచి సముద్రం కనపడదు గానీ వినపడుతుంది. గాలి తగిలితే సరుగుడు కూడా సముద్రంలాగే మోగుతుంది. ఏ చప్పుడు దేనిదో మొదటి పూట తేల్చుకోలేకపోయాం.

గుడారం వెయ్యడానికి గంటన్నర పట్టింది. దాంతో వచ్చిన మేకులు గట్టి నేలకి పనికొచ్చేవి. ఇసుకలో దిగినంత సులువుగానే పైకి వచ్చేస్తున్నాయి. మా ఆయన వీడియో చూసి ఏటవాలుగా కొట్టారు, పొడుగ్గా కట్టారు, రాళ్ల కోసం వెతికారు. ఇసుక తిన్నెల్లో రాయి దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొబ్బరికాయ కొట్టడానికి కూడా రాయి లేదు. అమ్మ నులక మంచం మీద కూర్చుని చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, అల్లుడుగారికి వినపడేట్టు చెప్పింది. "బియ్యం సంచులున్నాయిగా. ఇసుక పోసి మూతి కట్టి, తాడు దానికి బిగించి పాతిపెట్టమను. గడ్డివాము మీద పట్టా ఎగరకుండా మేము అట్టాగే కట్టేవాళ్లం."

నాలుగు సంచులు పాతాం. నాలుగు రోజులూ గుడారం కదల్లేదు.

ఆమె మాత్రం అందులో పడుకోలేదు. అల్లుడుగారున్న గుడ్డ గదిలో పడుకోవడమా, అని కాపలాదారు గుడిసె వసారాలో నులక మంచం వేయించుకుంది. ఆ రాత్రి ఆమె ఒక్కతే హాయిగా నిద్రపోయింది.

రెండో రోజు

తెల్లవారుజామున గుడారం గుడ్డ మీద నీళ్లు కారుతుంటే వాన అనుకుని లేచాం. వాన కాదు, మంచు. లోపలివైపు మా ఊపిరి తడి. కిటికీ జాలీ మూసి పడుకున్నందుకు శిక్ష. జనవరిలో తీరాన గుడారం వేసేవాళ్లు చలి అనిపించినా ఆ జాలీ కొంచెం తెరిచి ఉంచుకోండి.

ఒడ్డుకి నడిచి వెళ్లేసరికి వల లాగుతున్నారు. రెండు వైపులా వరసగా నిలబడి, పాటలాంటి కేక వేస్తూ, వెనక్కి నడుస్తూ లాగుతారు. మావాడు వెళ్లి ఒక తాడు పట్టుకున్నాడు. వాళ్లేమీ అనలేదు. గంట తర్వాత వల ఒడ్డున పడితే అందులో వెండిలా మెరిసే చిన్న చేపలు, రెండు మూడు పీతలు, ఒక చెప్పు. మావాడు లాగిన వల కదా, అందులో వాటా వస్తుందనుకున్నాడు. ఒకాయన నవ్వి వాడి చేతిలో ఒక కానాగంత పెట్టాడు. మిగతావి అమ్మ బేరమాడి కొంది. మూడు ఇటుకల పొయ్యి మీద, సరుగుడు పుల్లలు పెట్టి, చింతపండు పులుసు కాచింది. పొద్దున పదికే అన్నం తిన్నాం. అరిసెలు, చక్రాలు డబ్బాలో అట్లాగే ఉండిపోయాయి.

నీళ్లలోకి మోకాళ్లు దాటి పిల్లల్ని పోనివ్వలేదు. ఈ ఒడ్డున ఏటా సెలవుల్లో కుర్రాళ్లు కొట్టుకుపోతూనే ఉంటారు. అల వచ్చేటప్పుడు కన్నా వెనక్కి పోయేటప్పుడు బలం ఎక్కువ. పాదాల కింద ఇసుక జారుతుంటేనే అర్థమవుతుంది. మా అమ్మాయి మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

నన్ను ఆ పూట ఎక్కువ కట్టిపడేసింది సముద్రం కాదు, తోట వెనక ఉన్న దొరువు. ఇసుకలో ఏటవాలుగా తవ్విన గుంట. నాలుగు మెట్లు దిగితే నీళ్లు. కాపలాదారు దోసిలితో తాగి చూపించాడు. నేనూ తాగాను. తియ్యగా ఉన్నాయి! కూతవేటు దూరంలో ఉప్పు సముద్రం. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పు నీటి మీద మీగడలా తేలి ఉంటాయట. పైపైన తోడుకుంటే మంచి నీళ్లు. ఆశపడి పెద్ద మోటారు పెట్టి లాగితే కింద ఉన్న ఉప్పు పైకొస్తుంది, దొరువు పాడవుతుంది. ఇదివరకు కుండలతో, కావిళ్లతో తోడి ఈ నీళ్లతోనే నారుమళ్లు, పూలతోటలు, కూరగాయలు పెంచారు. బాపట్లలో ఉప్పు నీటి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు ఈ దొరువు పద్ధతినే కాస్త మార్చి, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు వేసి పై పొర నీళ్లు మాత్రమే ఊరేట్టు చేశారు. మా ఆయన ఇంజినీరు. ఆయన ఆ గుంట పక్కన అరగంట కూర్చున్నారు. నేను పిలిస్తే పలకలేదు.

సాయంత్రం వేటపాలెం వెళ్లాం, జీడిపప్పు కోసం. ఈ ఊరి జీడిపప్పు గుంటూరు పెళ్లిళ్లలో పాయసానికి పేరు. వీధిలో నడుస్తుంటేనే వేగిన జీడి ఘాటు ముక్కుకి తగులుతుంది. గుండు, బద్ద, ముక్క అని వేరువేరుగా పోసి పెట్టారు. మేము బద్ద తీసుకున్నాం. కూరలో వేసేదానికి గుండెందుకని అమ్మ తీర్పు. డబ్బులిస్తుంటే కొట్టాయన, "గ్రంథాలయం చూశారా?" అని అడిగాడు. లేదంటే ఆయన ముఖంలో కొంచెం జాలి కనపడింది. "ఇందాకా వచ్చి సారస్వత నికేతనం చూడకుండా పోతారా? గాంధీగారి కర్ర ఉందండీ అక్కడ."

వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. బయట నిలబడి చూశాం. మావాడు గేటు పట్టుకుని, సముద్రం మానుకుని లైబ్రరీకి వచ్చామా, అదీ మూసేసిందా, అని ఏడుపు ముఖం పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకూ అంత పట్టుదల లేదు. మర్నాడు రాకపోయినా రాకపోదును.

మూడో రోజు

అమ్మే బయలుదేరదీసింది. పొద్దున్నే స్నానం చేసి, పెట్టెలోంచి పట్టంచు చీర తీసి కట్టుకుని, మంచం మీద సిద్ధంగా కూర్చుంది. గుడికా అని అడిగాను. "లైబ్రరీకి" అంది. రాత్రి పొద్దుపోయాక కాపలాదారు భార్యతో చాలాసేపు మాట్లాడిందట. ఆ గ్రంథాలయంలో పాత పేపర్లు బైండు చేసి దాచి ఉంచారని ఆవిడ చెప్పిందట. ఎంత పాతవని అడిగితే, మీరూ నేనూ పుట్టకముందువి అందట.

ఆ మాట నా మనసులో తిరిగేలోపు అమ్మే అంది. "ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నాటివి ఉంటాయేమో."

సారస్వత నికేతనం 1918లో పుట్టింది. వి.వి. శ్రేష్ఠి మొదలుపెట్టారు. జమ్నాలాల్ బజాజ్ వచ్చి ప్రారంభించారు. 1929లో గాంధీగారు వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఇదేమీ పెద్ద పట్నం కాదు. నేతగాళ్లు, జీడిపప్పు వర్తకులు, రైలు స్టేషను ఉన్న ఒక ఊరు. ఇప్పటికీ ప్రభుత్వం కాకుండా ఊరివాళ్లే నడుపుకుంటున్న గ్రంథాలయం ఇది. మా ఆయన బెజవాడ మనిషి. ఇలాంటి చోట ఆయన ఊరుకోరు. "గ్రంథాలయోద్యమం అంటే మా బెజవాడే. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టింది మా రామమోహన గ్రంథాలయంలో" అని మొదలుపెట్టారు. నేనూ ఊరుకోలేదు. మా పాతూరి నాగభూషణంగారు 1935లో పెదపాలెం నుంచి పుస్తకాలు పడవలో వేసుకుని కాలువ వెంట ఊరూరా తిప్పారని చెప్పాను. పుస్తకం దగ్గరికి మనిషి పోవడం గొప్పా, మనిషి దగ్గరికి పుస్తకం రావడం గొప్పా? ఆ వాదన మెట్లెక్కేదాకా సాగింది.

లోపల పాత కాగితం వాసన. ఆ వాసన ఇష్టమున్న వాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా లాభం లేదు. పిల్లలకి ముందు గాంధీగారి కర్ర చూపించారు. ఆయన ఇక్కడికొచ్చినప్పుడు విరిగిన చేతికర్ర అది. ఊరివాళ్లు దాన్ని పారెయ్యకుండా ఇన్నేళ్లుగా భద్రంగా దాచారు.

"విరిగిపోయినదాన్ని దాచారా?" మావాడు నమ్మలేకపోయాడు. "అచ్చం మన అమ్మమ్మలాగే."

మా ఇంట్లో అటక మీద పిడి ఊడిన కుంచం, కాలు లేని పీట, మా తాత గొడుగు ఊచలు ఉన్నాయి. వాటిని తీసెయ్యమని మేము పదేళ్లుగా పోరుతున్నాం. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఇక ఆ పోరు మేము ఓడిపోయినట్టే.

అక్కడ పనిచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఏదో తప్పు చేసినదానిలా, వచ్చిన పని చెప్పాను. ఆయన నవ్వలేదు. పుట్టిన తారీఖు కోసం, పాత దస్తావేజు మీద తేదీ సరిచూసుకోవడం కోసం ఇదివరకూ మనుషులు వచ్చారన్నారు. "ఏ సంవత్సరం, ఏ నెల?" అని మాత్రం అడిగారు. లోపలికి వెళ్లి, రెండు చేతులతో ఎత్తుకుని, ఒక పెద్ద బైండు తెచ్చి బల్ల మీద పెట్టారు. పసిబిడ్డని దించినట్టు దించారు.

అమ్మ బయటికెళ్లి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పేజీ మూల పట్టుకుని తిప్పకండి, కింద చెయ్యి పెట్టి ఎత్తండి అన్నారాయన. కాగితం టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. అంచులు ముట్టుకుంటే అప్పడంలా విరిగేట్టున్నాయి. దినపత్రిక కాగితం ఒక్కరోజు బతకడానికే చేస్తారు. కర్రగుజ్జుతో చేసింది కాబట్టి అందులోని పదార్థమే వెలుతురు, గాలి తగిలి దాన్ని పసుపుగా మార్చి లోపల్నుంచి తినేస్తుంది. అలాంటిది డెబ్బై ఏళ్లు దాటి నిలిచిందంటే ఎవరో రోజూ దుమ్ము దులిపారన్న మాట. ఎలకల్ని తరిమారు, చెమ్మని కాచుకున్నారు. ఈ తీరాన గాలివానలకి లోటు లేదు. 1977 ఉప్పెన, 1990 తుఫాను, మొన్న 2023 డిసెంబరులో బాపట్ల దగ్గరే ఒడ్డెక్కిన మిచౌంగ్. అన్నిట్లోనూ ఈ కాగితాలు ఎక్కడో ఒక బీరువాలో పొడిగా ఉన్నాయి. మేము సంచులు పాతితే గుడారం నాలుగు రోజులు నిలిచిందని సంబరపడుతున్నాం.

సెప్టెంబరు చివరి రోజులు తిరిగాయి. అక్టోబరు 1. తర్వాత 2వ తారీఖు పేపరు. మొదటి పేజీ నిండా కర్నూలే. నెహ్రూ వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించడం, గవర్నరు త్రివేది, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలి అప్పటికి పది నెలలు కూడా కాలేదు. మా అమ్మాయి ఇవన్నీ సోషల్ పుస్తకంలో ఒక పేరాగా చదివింది, పరీక్షలో రెండు మార్కులకి రాసింది. ఇక్కడ అవి నిన్నటి సంగతుల్లా, ఇంకా ఏమవుతుందో తెలియనివాళ్ల మాటల్లో ఉన్నాయి. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది. గుంటూరుకి హైకోర్టు వచ్చిందా ఎప్పుడైనా, అని అడిగింది. వచ్చింది, 1954 నుంచి రాష్ట్రం హైదరాబాదుతో కలిసిన 1956 దాకా మన ఊళ్లోనే ఉందని చెప్పాను. బెజవాడ మనిషి ఆ మాట విననట్టు పంకా వైపు చూశారు.

పెద్దాయన ఇంకో పేజీ ఎత్తారు. 3వ తారీఖు. పైన వారం పేరు ఉంది. శనివారం.

అమ్మ కళ్లద్దాలు సర్దుకుని వేలు ఆనించకుండా గాల్లోనే పెట్టి ఆ మాట రెండుసార్లు చదివింది. తర్వాత పేజీ అంతా చదివింది. పెద్ద వార్తల జోలికి పోలేదు. మూలల్లో ఉన్న తలనూనె ప్రకటన, అజీర్తి మందు, సినిమా బొమ్మలు. ఏ ఊళ్లో ఏ సభో, ఎవరికో సన్మానం. చదువుతూ పెదాలు కదిలిస్తోంది. మేమందరం నిలబడే ఉన్నాం. కూర్చోవాలని ఎవరికీ తోచలేదు.

"ఆ రోజు కూడా జనం తలకి నూనె రాసుకున్నారన్నమాట" అంది చివరికి.

అంతే అంది. కానీ నాకు ఆ క్షణంలో మా అమ్మమ్మ కనపడింది, నేనెప్పుడూ చూడని వయసులో. పొన్నూరు దగ్గర పల్లెలో, పెద్దలకి తద్దినాలు పెట్టే రోజుల్లో, పురిటి మంచం మీద పడుకుని, బయట ఎవరో రాష్ట్రం వచ్చింది రాష్ట్రం వచ్చింది అంటుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుని గుర్తుంచుకున్న మనిషి. పేపరు చదవడం రాదు ఆవిడకి. తారీఖు తెలియదు. అయినా ఒక్క రోజు కూడా తేడా రాకుండా చెప్పింది. అమ్మ ఇన్నాళ్లూ ఫోనుని నమ్మకపోవడం కాదు, వాళ్లమ్మ మాట సరిచూడటానికి ఫోను సరిపోదనుకుంది.

మావాడు బల్ల అంచు మీద గడ్డం ఆనించి అన్నాడు. "అమ్మమ్మా, దేవుడు రాలేదు గానీ పేపరొచ్చింది."

ఫోటో తీసుకోమంటారా అని పెద్దాయన అడిగారు. అమ్మ వద్దంది. విరాళం ఇవ్వచ్చా అని తనే అడిగి, చీర కొంగు ముడి విప్పింది. ఎంతిచ్చిందో నాకు చెప్పలేదు. రసీదు కూడా నాకివ్వకుండా పర్సులో దాచుకుంది.

బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ఆ సాయంత్రం ఒడ్డున ఏం చేశామో నాకు సరిగా గుర్తు లేదు. రాత్రి మాత్రం అమ్మ గుడారంలో పడుకుంటానంది. అల్లుడుగారు సంతోషంగా నులక మంచానికి మారిపోయారు. ఆయన ఆ రాత్రి గురక పెడితే సరుగుడు తోట అంతా మోగింది. ఏ చప్పుడు దేనిదో ఈసారి తేల్చుకోగలిగాం.

నాలుగో రోజు

గుడారం మడవడానికి వెయ్యడం కన్నా ఎక్కువ సేపు పట్టింది. వచ్చినప్పుడు సంచిలో పట్టింది, పోయేటప్పుడు పట్టలేదు. ఈ గుడారాలన్నిటికీ ఇదే రోగమట. పాతిన బియ్యం సంచులు తవ్వి తీశాం. ఇసుక ఇసుకలో కలిసింది. ఇంకా చాలా ఇసుక కారులో, చెప్పుల్లో, అరిసెల డబ్బాలో మాతో గుంటూరు వచ్చింది.

పొన్నూరులో ఈసారి దిగలేదు. కారులోంచే అమ్మ దండం పెట్టుకుంది, మామూలు కన్నా కొంచెం పొడుగ్గా.

ఇంటికొచ్చి ఇంకా సామాన్లు దించకముందే మా ఆయన అన్నారు, ఆధార్లో తేదీ మార్పించుకుందాం అత్తయ్యా, దరఖాస్తు నేను పెడతాను అని. అమ్మ ఉలిక్కిపడింది. "వద్దమ్మా, చెప్పు మీ ఆయనకి! మీ నాన్న పెన్షన్ కాగితాల్లో అదే ఉంది. ఇప్పుడు మార్చబోతే ఉన్న పెన్షన్ ఆగుద్ది. గవర్నమెంటుకి జులై ఒకటే ఉండనీ."

తర్వాత గోడ మీద కొత్త క్యాలెండరు దించి, కుర్చీలో కూర్చుని, అక్టోబరు దాకా తిప్పింది. పెన్సిల్ అడిగితే మావాడు తెచ్చిచ్చాడు. 3వ తారీఖు గడి మీద పెన్సిల్ ఆనించి, చుట్టబోయి ఆగిపోయింది.

"తారీఖు ప్రకారం చేసుకునేది మీరు. మాకు తిథి కావాలి గదా. ఆ పేపర్లో పైన తిథి ఏమన్నా వేశాడా? ఎవరన్నా చూశారా?"

ఎవరం చూడలేదు. మా అమ్మాయి ఫోను తీసింది.

"ఫోన్లో వద్దు" అంది అమ్మ. "వేసవి సెలవులు ఎప్పుడిస్తారే మీకు?"